తెర మీద మూడు చుక్కలు

నిరోషకు డ్రోను కొత్త కాదు, అడవే కొత్త. పుట్టింది శ్రీరంగాపూర్‌లో, మెట్టింది గద్వాల దగ్గరి ఓ పల్లెలో. అక్కడ మూడేళ్లు సీడు పత్తి చేల మీద మందు కొట్టే డ్రోను నడిపి, చుట్టుపక్కల ఊళ్లలో ‘డ్రోను నిరోషక్క’ అనిపించుకుంది. ఆ పేరు విని హైదరాబాదు కంపెనీ ఒకటి పిలిచింది. ఎండాకాలమంతా అమ్రాబాద్ అడవి మీద వేడిని పసిగట్టే కెమెరా ఎగరేయాలి. ఎక్కడ నిప్పు పుట్టినా, అది పెద్దది కాకముందే కబురు చెప్పాలి. “పో, పిల్లను నేను చూసుకుంట,” అన్నాడు మొగుడు కురుమూర్తి. ఫిబ్రవరి ఆఖరున ఆమె బట్టల సంచీ సర్దుకుని బస్సెక్కింది.

అడవిలో ఒక గుట్ట మీద ఇనుప వాచ్‌టవర్ ఉంది. అదే ఆమె ఆఫీసు. కెమెరా వెలుగును కాదు, వేడిని చూస్తుంది. చల్లగా ఉన్నది తెర మీద నల్లగా కనిపిస్తుంది, వెచ్చనిది బూడిద రంగులో, మండేది తెల్లగా. చెట్ల కింద ఆకు చాటున రాజుకుంటున్న నిప్పు కూడా దాని కంట పడుతుంది. శిక్షణ ఇచ్చినప్పుడు ఇదంతా చాలా తేలిగ్గా అనిపించింది.

మొదటి వారంలోనే మూడుసార్లు నవ్వులపాలయింది. మధ్యాహ్నం ఎగరేస్తే వాలు మీద తెల్లటి మచ్చ కనిపించేది. ఆమె వైర్‌లెస్‌లో చెప్పేది. మంటలార్పే వాళ్లు ఎండుటాకు ఊదే బ్లోయర్లు భుజాన వేసుకుని ఆరేసి కిలోమీటర్లు నడిచి వెళితే, అక్కడ ఎండకు కాలిన బండ ఉండేది. మూడోసారి వాళ్లలో ఒకడు, “మేడం, ఈసారి రొట్టెల పిండి తీస్కపోతం, ఆ బండ మీద కాల్చుకుంటం,” అన్నాడు వైర్‌లెస్‌లోనే. అందరూ విన్నారు. అందరూ నవ్వారు.

అప్పుడు ఆమెకు తోడుగా ఉన్నది ఈదయ్య. చెంచు మనిషి, యాభై అయిదేళ్లుంటాయి. ఆ కింది పెంటలోనే ఇల్లు. చెంచులు తమ గూడేన్ని పెంట అంటారు. ఎండాకాలం ఫైర్ వాచర్‌గా పనిచేస్తాడు. మరునాడు ఆయన నేల మీద కూర్చుని ఆమె తెరలోకి తొంగిచూశాడు.

“గిది ఎలుగుబండ బిడ్డా. గిది జంటబండ. పొద్దుగూకినా ఇవి సల్లగ గావు. మంటైతే అంచు కదులుతది. బండ కదలదు. జర సేపు జూడు.”

నాలుగు రోజుల్లో ఆ కొండల్లోని బండలన్నిటి పేర్లూ చెప్పాడు. ఆమె ఒక్కొక్కటీ పటంలో గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత ఒక్క తప్పు కబురు కూడా పోలేదు. కంపెనీ తరఫున నాగర్‌కర్నూల్‌లో ఉండే శేఖర్ ఫోన్ చేసి, “ఎట్ల పట్టుకున్నవమ్మా?” అని అడిగితే, “చూసి చూసి అలవాటైంది సార్,” అంది. ఈదయ్య అక్కడే కూర్చుని బీడీ తాగుతున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. ఆమె చెవులు మాత్రం కాస్త వేడెక్కాయి.

ఏప్రిల్ రెండో వారం వచ్చింది. అడవిలో ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుజామున చెట్ల కింద పడ్డ పువ్వును ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఈదయ్య రెండు రోజులు సెలవడిగి పోయాడు. పువ్వు ఏరడం సులువవుతుందని చెట్ల కింద ఆకు తగలబెడతారని, అడవి అంటుకునేది అందుకేనని మైదానపు ఊళ్లవాళ్లు చెప్పుకునే మాట నిరోష కూడా విన్నది. ఒకసారి ఈదయ్యనే అడిగింది. “ఎనకట ఎవలన్న జేసిన్రేమో. మేం చీపురుతోని ఊడుస్తం,” అన్నాడాయన.

ఆ పొద్దున ఆరున్నరకు డ్రోను తన దారిన తాను అడవి మీద గీతలు గీసినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. నిరోష ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగింది. గ్లాసు కింద పెట్టి తెర చూసేసరికి, వాగు అవతలి వాలులో తెల్లటి మచ్చ. బండ కాదు. అంచు కదులుతోంది. మచ్చ పక్కన మూడు చిన్న చుక్కలు. పొద్దుటి చల్లదనంలో మనుషుల ఒళ్లు అలాగే కనిపిస్తాయి.

నెలన్నరలో మంట దగ్గర మనుషులు కనబడటం అదే మొదటిసారి. వైర్‌లెస్ అందుకుంది. అవతల అటవీశాఖ సెక్షన్ ఆఫీసర్ బాసిత్ పలికాడు.

“సార్, వాగు అవతల మంట. మనుషులు గూడ ఉన్నరు. ముగ్గురు.”

“ఏం జేస్తున్నరు?”

“మంట పక్కనే ఉన్నరు సార్. అంటిస్తున్నరు.”

“అంటించంగ చూసినవా నిరోషా? మంచిగ చెప్పు.”

ఆమె చూసింది మంటను. చూసింది మనుషులను. మధ్యలోది తనే పూరించింది. అయినా ఆ క్షణాన ఆమెకు అలా అనిపించలేదు. రొట్టెల పిండి మాట విన్నవాళ్లంతా ఇప్పుడు కూడా వింటున్నారు.

“చూసిన సార్,” అంది.

పదకొండు గంటలకు జీపు టవర్ కిందుగా పోయింది. నిరోష కమ్మీలు పట్టుకుని కిందికి చూసింది. వెనక సీట్లో ఈదయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన భార్య సత్యమ్మ, చేతికి గుడ్డ చుట్టుకుని. కోడలు శ్రీజ ఒక కాలు పైకి పెట్టుకుని ఏడుస్తోంది. ఈదయ్య తలెత్తి టవర్ వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం కూడా లేదు.

“బిడ్డా, నువ్వు మిషన్ల చూసినవ్ గదా! జర చెప్పు వీళ్లకు!” అని గట్టిగా అరిచాడు.

జీపు మలుపు తిరిగింది. నిరోష కమ్మీలు వదిలి తెర ముందుకు పోయి కూర్చుంది. తర్వాత ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. మంచి మనుషులు కూడా ఒక్కోసారి తప్పు చేస్తారు. బతుకుదెరువు కోసం చేసి ఉంటాడు. తను కళ్లారా చూసింది కదా.

ఆడవాళ్లిద్దరినీ దవాఖానాలో చూపించి ఇంటికి పంపేశారు. ఈదయ్య నడుం దగ్గర అగ్గిపెట్టె దొరికింది. బీడీలు తాగే మనిషి దగ్గర అగ్గిపెట్టె ఉండటం వింత కాదు గాని, ఆ రోజున అది సాక్ష్యమైంది. తాము ఆర్పడానికి వెళ్లామని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. పైనుంచి చూసినవాళ్లు ఉన్నారు మరి. వాచర్ పని తీసేశారు. కేసు రాసి రిమాండుకు పంపారు.

మూడో రోజు నాగర్‌కర్నూల్‌లో మీటింగు. పెద్ద తెర మీద నలభై సెకన్ల ముక్క వేశారు. తెల్లటి మచ్చ, మూడు చుక్కలు. ఒక పెద్ద అధికారి, “ఇప్పటిదాకా పొగ చూసి పరిగెత్తేవాళ్లం, ఇప్పుడు మనిషిని చూసి పరిగెత్తుతున్నాం,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. నిరోషకు శాలువా కప్పారు. ఫొటో తీశారు. ఆమె నవ్వింది. ఆ నవ్వు దొంగది కాదు. నిజంగానే సంతోషించింది.

మరునాడు శేఖర్ ఆమెను తన అద్దె గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. హైదరాబాదు ఆఫీసు వాళ్లు మొత్తం వీడియో అడిగారట, తీసి పంపాలి. శేఖర్ ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. ఆమె మొదటి నుంచి వేసి చూసింది.

ఆమె కబురు చెప్పడానికి పదకొండు నిమిషాల ముందు, డ్రోను అటుగా మొదటిసారి పోయినప్పుడే, తెర మూలన బియ్యపుగింజంత తెల్లటి చుక్క ఉంది. దాని చుట్టూ నల్లటి అడవి తప్ప ఎవరూ లేరు. రెండో చుట్టులో అది రూపాయి బిళ్లంత అయింది. అప్పుడు తెర అడుగున, పెంట ఉన్న వైపు నుంచి, మూడు చుక్కలు వచ్చాయి. నడవడం కాదు, పరిగెత్తడం. ఒకటి పడింది, లేచింది. మూడూ మంట చుట్టూ తిరిగి, ఇంకా కాలని అడవికీ మంటకూ మధ్య నిలబడ్డాయి. అక్కడే ముందుకూ వెనక్కూ వంగి లేస్తున్నాయి. పచ్చికొమ్మలతో మంటను కొట్టేవాళ్లు అలాగే వంగి లేస్తారు. నెలన్నరలో ఆమె అది ఎన్నోసార్లు చూసింది.

వాళ్లు పరిగెత్తుకొచ్చేదాకా తను టీ తాగుతూ తెర చూడలేదు.

శేఖర్ లోపలికి వచ్చాడు. ఆమె చూపించింది. అతను రెండుసార్లు వేయించుకుని చూసి, గడ్డం గోక్కున్నాడు.

“ఎవలకన్న చెప్పినవా?”

“లేదు సార్.”

“చెప్పకు. ఆఫీసుకు ఆ ముక్కే పంపుత. వచ్చే ఏడు మూడు జిల్లాలు మనకే ఇస్తమంటున్నరు. ఆయన అక్కడెందుకున్నడో కోర్టు చూసుకుంటది. నీ పని నిప్పు చూపిచ్చుడు, చూపిచ్చినవ్. అయిపాయె.”

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే ఆమెకు ఊరట కలిగింది. చెప్పొద్దని ఎవరో ఒకరు అన్నారు కదా, ఇక అది తన ఒక్కదాని తప్పు కాదు. ఆ ఊరట ఎంత నీచమైనదో బస్సులో అచ్చంపేట దాటాక గాని తెలిసిరాలేదు. తెలిసినా దిగలేదు, వెనక్కి పోలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఆమె రోజూ టవరెక్కింది, డ్రోను లేపింది, దించింది. ఆ రోజు వీడియో ఉన్న మెమరీ కార్డు ఆమె సంచీలోనే ఉంది. కురుమూర్తి ఫోన్ చేసి, శాలువా ఫొటో ఊళ్లో అందరూ చూశారని, పిల్ల బడిలో అందరికీ చూపించుకుందని చెప్పాడు. “ఊ,” అంది. “ఏందట్ల ఉన్నవ్?” అంటే, “ఎండ,” అంది. రోజూ పొద్దున్నే ఇవాళ బాసిత్ సార్‌కు చెప్పేస్తాననుకునేది. మధ్యాహ్నానికి, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరుకునేది. ఒక రోజు ఆలస్యమయ్యేకొద్దీ ఆ ప్రశ్న మరింత పెద్దదయ్యేది.

నాలుగో రోజు పది గంటలప్పుడు సత్యమ్మ వచ్చింది. ఎండలో ఒక్కతే గుట్టెక్కి, టవర్ మెట్లెక్కి, చివరి మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. చేతికి దవాఖానా కట్టు మాసిపోయి ఉంది. తిట్టడానికే వచ్చిందనుకుంది నిరోష. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“మేడం, ఒకటి అడుగుత. కోపం జెయ్యకు,” అంది సత్యమ్మ. “నేను ఆయన ఎంటనే ఉన్న. పొగ వాసనొస్తే ముగ్గురం కలిసే ఉరికినం. కానీ అందరు ఏమంటున్నరు? మిషన్ అబద్ధం చెప్పదంటున్నరు. నేను గూడ రాత్రిళ్లు పండుకొని అదే యోచన జేస్తున్న. తెల్లారకముందు లేసి ఆయన బీడీ తాగనీకె బయటికి పోయిండు. నేను లేవకముందే ఏమన్న జేసిండా? నాకు తెల్వకుంట పోయి అంటిచ్చొచ్చిండా? ముప్పై ఏండ్ల సంసారం. ఎప్పుడు గిట్లాంటి అనుమానం రాలే. నీ మిషన్ల ఏముందో జర చూపిస్తవా? ఉన్నదున్నట్టు నాకు తెలిస్తె చాలు.”

ఈదయ్యను జైలుకు పంపడం ఒక్కటే తను చేసిన పని అనుకుంది నిరోష. ఆయన ఇంట్లోకి కూడా పోయి, భార్య మనసులోని మనిషిని కూడా పాడుచేసిందని ఇప్పుడే తెలిసింది.

ఆమె కార్డు తీసి తెరకు పెట్టింది. ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టి, సత్యమ్మను దగ్గరికి జరగమంది. మొదటి నుంచి వేసింది.

“గిదేంది తెల్లగ?”

“మంట. అప్పటికే ఉంది. మీరెవ్వరు లేరు చూడు పెద్దమ్మా.”

“ఇవి?”

“మీరే.”

సత్యమ్మ తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది. “గీ ఎనక పడిపోయింది శ్రీజ. కాలు కాలింది గప్పుడు గాదు, తర్వాత. గిది నేను. ముందుగాల ఉరుకుతున్నది ఆయన,” అంది. కట్టు లేని చేత్తో కళ్లు తుడుచుకుంది. “పెంట దిక్కు నుంచే వస్తుండు. మా ఎంటనే వస్తుండు. నేనెంత పాపిష్టిదాన్ని!”

“నువ్వు గాదు పెద్దమ్మా,” అంది నిరోష. “మిషన్ అబద్ధం చెప్పలే. నేను చెప్పిన. అంటిచ్చేటప్పుడు చూసిన అని చెప్పిన. చూడలే.”

సత్యమ్మ తలెత్తి ఆమెను చూసింది. అడిగింది ఒక్కటే మాట.

“ఇదంత నీకు ఎప్పుడు తెలిసింది?”

“నాలుగు రోజులాయె.”

సత్యమ్మ లేచింది. నిరోష నీళ్ల సీసా అందిస్తే తీసుకోలేదు. విసిరికొట్టనూ లేదు. చూడనట్టే మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నిరోష ఆ మధ్యాహ్నం డ్రోను లేపలేదు. కార్డు పట్టుకుని బాసిత్ దగ్గరికి పోయింది. అతను వీడియో చూస్తున్నంతసేపూ నిలబడే ఉంది. అయిపోయాక అతను ఆమె వైపు తిరిగాడు.

“నేను అడిగిన గదా నిరోషా. చూసినవా అని అడిగిన గదా.”

“అడిగిన్రు సార్.”

“మావోళ్లు పోయేసరికి ఆయన చేతిల కొమ్మ ఉండె. కాలిన కొమ్మ. నేను గూడ ఆ కొమ్మను చూడలే, నీ మాటనే చూసిన.” అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “పా. ఇద్దరం పోయి చెప్పుదాం.”

నాగర్‌కర్నూల్‌లో, శాలువా కప్పిన గదిలోనే, చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది ముందు ఆమె నిలబడి చెప్పింది. పదకొండు నిమిషాల సంగతి చెప్పింది, టీ సంగతి చెప్పింది, నాలుగు రోజుల సంగతీ చెప్పింది. శేఖర్ వద్దన్నాడన్న మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ ఊరట కలుగుతుందని భయం. ఎవరూ ఆమెను తిట్టలేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఒకామె జాలిగా చూసింది. రాతపూర్వకంగా ఇమ్మంటే మూడు పేజీలు రాసి సంతకం చేసింది. సాయంత్రానికి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఇక రావద్దని.

కాగితాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలి, ఈదయ్య బయటికి వచ్చేసరికి పదిహేడు రోజులయింది. అప్పటికి ఇప్పపువ్వు రాలడం అయిపోయింది.

మే నెల మొదట్లో నిరోష ఆ పెంటకు వెళ్లింది. ఈదయ్య గుడిసె ముందు కూర్చుని చిక్కంలాంటిదేదో అల్లుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఆమెను చూసి చాప జరిపాడు.

“కూసో బిడ్డా. మంది ఏదో అంటున్నరు గని, నీ తప్పేముంది? గంత ఎత్తు నుంచి జూస్తె మనిషి చుక్కలెక్క కనిపిస్తడాయె. నా ముఖం కనబడితె నువ్వు గట్ల చెప్పేదానివా? తెలిసినంక నువ్వే పోయి చెప్పినవట గద. బాసిత్ సారు చెప్పిండు.”

నిరోష సత్యమ్మ వైపు చూసింది. ఆమె పొయ్యి దగ్గర తల వంచుకుని ఉంది. నాలుగు రోజుల మాట మొగుడికి చెప్పలేదని నిరోషకు అర్థమైంది. ఎందుకు చెప్పలేదో అర్థం కాలేదు. తనను కాపాడటానికి కాదు. బహుశా ఆయనకు ఆ బాధ కూడా ఎందుకని కావచ్చు. ఊరుకుంటే ఆ చాప మీద కాసేపు కూర్చుని, ఆయన ఇచ్చే మంచినీళ్లు తాగి రావచ్చు.

“తెలిసినంక వెంటనే పోలే పెద్దనాయనా,” అంది. “నాలుగు రోజులు దాసిపెట్టుకున్న. పెద్దమ్మ రాకపోతే ఇంకెన్ని రోజులు దాసిపెడుదునో.”

ఈదయ్య చేతులు ఆగిపోయాయి. ఆమె వైపు చూడలేదు. అల్లుతున్నది పక్కన పెట్టి, లేచి, గుడిసె వెనక్కి పోయాడు. నిరోష చాలాసేపు నిలబడింది. ఆయన తిరిగి రాలేదు. సత్యమ్మే చివరికి, “మూడు గంటల బస్సు తప్పితే మళ్ల లేదు, పో,” అంది.

ఆమె గద్వాల తిరిగి వచ్చి మళ్లీ పత్తి చేల మీద మందు కొట్టింది. శాలువా ఫొటో కురుమూర్తి గోడకు అంటించి ఉంచాడు. దాన్ని తీసేసి, ఎందుకు తీసిందో అతనికి చెప్పింది, కూతురికీ చెప్పింది. కూతురు అర్థం కానట్టు చూసి, “మరి శాలువా కప్పినోళ్లకే తిరిగి ఇచ్చేస్తవా?” అని అడిగింది.

మరుసటి ఫిబ్రవరిలో బాసిత్ ఫోన్ చేశాడు. ఈసారి బయటి కంపెనీ లేదు, పెంటల్లోని వాళ్లకే కెమెరా నేర్పించి వాళ్ల చేతే ఎగరేయిస్తారట. తెర మీద మనిషి కనబడితే, కాలినడకన పోయి చూసేదాకా ఎవరి మీదా ఏ మాటా రాయొద్దని కొత్తగా రాసిపెట్టుకున్నారట. నేర్పడానికి రమ్మన్నాడు. ఆమె వద్దంది. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసి వస్తానంది.

పెంట బడి గదిలో ఎనిమిది మంది నేర్చుకోవడానికి కూర్చున్నారు. మూడో వరుసలో శ్రీజ ఉంది. పాదం మీద కాలిన మచ్చ చెప్పు పట్టీ కింద నుంచి కనిపిస్తోంది. ఈదయ్య రాలేదు. ఆయన మళ్లీ వాచర్ పనికి పోలేదని, పిలిచినా పోలేదని బాసిత్ చెప్పాడు.

నిరోష కెమెరా తీయకముందే, పోయిన ఏడు తను చేసింది చెప్పింది. పేర్లతో సహా చెప్పింది. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లు శ్రీజ వైపు తిరిగి చూశారు. శ్రీజ చూపు మరల్చలేదు.

“ఒకటి అడుగుత మేడం,” అంది. “ఆ నాలుగు రోజులు ఏం జేసినవ్?”

బాధపడ్డానని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. కాని అది అడిగినదానికి జవాబూ కాదు.

“డ్యూటీ జేసిన,” అంది నిరోష. “అన్నం తిన్న. పండుకున్న.”

శ్రీజ తల ఊపింది, తనకు ముందే తెలిసినట్టు. నోటుబుక్కు తెరిచి పెన్ను టోపీ తీసింది.

“సరే. ఇగ చెప్పు.”

నిరోష పెట్టె తెరిచి డ్రోను బయటికి తీసింది. బ్యాటరీ బిగించబోతే రెండుసార్లు జారింది. ఎనిమిది మందీ చూస్తూనే ఉన్నారు. మూడోసారికి బ్యాటరీ గట్టిగా కూర్చుంది.